ట్యాంకరెక్కిన పాట

గుంటూరులో పొద్దున్నే రైలెక్కేటప్పటికే నాకు విసుగ్గా ఉంది. మా మేనకోడలు శ్రావణి ఓ చిన్న సినిమా తీసింది, అదీ పంక్ సంగీతం వాయించే ఆడపిల్లల మీద. అది చూడ్డానికి నేను గిద్దలూరు దాకా రావాలట. "నువ్వు రాకపోతే నీతో మాట్లాడను అత్తా" అంది. నిజం చెప్పొద్దూ, నా మోకాళ్ల నొప్పికి కాసేపు ఆ బెదిరింపే బాగుందనిపించింది.

వినుకొండ దాటాక పులిహోర పొట్లం విప్పాను. దొనకొండలో ఎక్కి నా ఎదుట కూర్చున్నావిడ ఎక్కడికని అడిగితే చెప్పాను.

"పంక్ అంటే ఏందక్కా?"

"రాగం బాగుందా లేదా అని చూసుకోరు. కోపమొచ్చిన సంగతిని గొంతు చించుకుని పాడేస్తారు."

"మా ఊళ్లో నీళ్ల ట్యాంకర్ వచ్చినప్పుడల్లా జరిగేది అదేగదా" అంది. నా పులిహోర రుచి చూసి, ఉప్పు తక్కువైందని కూడా చెప్పి మార్కాపురం రోడ్డులో దిగిపోయింది.

మధ్యాహ్నానికి గిద్దలూరు చేరాను. శ్రావణి స్టేషన్‌కు వచ్చింది. స్టేషన్ బయట భోజనం బాగానే ఉంది, పచ్చడి మాత్రం కళ్లనీళ్లు పెట్టించింది. అక్కణ్ణించి ఊరికి ఆటోలో అరగంట. గొర్రెల మంద అడ్డం వచ్చి ఆగినప్పుడు శ్రావణి అసలు సంగతి చెప్పింది. బ్యాండులో ముగ్గురమ్మాయిలు. పాడేది సలోమి, మిరపకోతలకు కూలికి పోతుంది. వాళ్లకు సొంత డ్రమ్స్ లేవు, చర్చివే వాయిస్తారు. ఆ గది తాళంచెవి సలోమి నాయన, చర్చి సంఘపెద్ద దేవదానం దగ్గర ఉంటుంది. ప్రార్థనకు కొన్న డ్రమ్స్ మీద తిట్ల పాటలేందని ఊళ్లో గొణుగుడు మొదలైంది. అందుకని సినిమాను ముందు సంఘానికే చూపించమన్నాడాయన. వాళ్లు కాదంటే గదికి తాళం, బ్యాండుకు మంగళం.

మేం వెళ్లేసరికి దేవదానం చర్చి గోడకు తెల్ల దుప్పటి కడుతున్నాడు.

"పండగ ఏర్పాటైనా, పెళ్లి మాటైనా సంఘం ఆమేన్ అంటేనే మాకాడ ఖాయం అక్కా. రేపు నన్ను అనుకుంటే లాభంలేదు" అన్నాడు.

సలోమి చున్నీ కొస నలుపుతూ నిలబడింది. "గిటారంటే ఎట్లనో తెచ్చుకున్నాం. డ్రమ్స్ ఏడనుంచి తెచ్చేది అత్తా?" అంది నాతో.

పొద్దుగూకగానే చాపలు పరిచారు. ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఇంకోవైపు. దుప్పటి మీద సలోమి ఖాళీ ట్యాంకరెక్కి మైకు పట్టుకుంది. "బిందె పెట్టినా, నిండలా! ఓటేసినా, గొంతు తడవలా! అడిగితే నోర్ముయ్ అంటిరి. మూయను!"

పాట ఠక్కున ఆగింది. పక్కనే ఉన్న సలోమి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ముందు వరుసలో మరియమ్మవ్వ చెయ్యెత్తి "ఆమేన్" అంది. మైకులో ఎవరు గట్టిగా ఒక మాట చెప్పి ఆపినా ఆమెకది అలవాటు. కోడలు మోచేత్తో పొడిచింది. "అత్తా, అది ప్రార్థన గాదు, సినిమా."

"అయితే ఏందే? ఆ పిల్ల చెప్పింది అబద్ధమా?" అని అవ్వ ఈసారి ఇంకా గట్టిగా "ఆమేన్" అంది. ఆడవాళ్లంతా అందుకున్నారు. మగవాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకుని వాళ్లూ అన్నారు. అక్కణ్ణించి సినిమా అయ్యేదాకా పాట ఆగిన ప్రతిచోటా ఆమేన్‌లే.

దేవదానం తల గోక్కున్నాడు. "సంఘం అన్నాక నేనేం జేస్తా" అని తాళంచెవి కూతురి చేతిలో పెట్టాడు. "ఆదివారానికి మాత్రం తుడిచి పెట్టండమ్మా." సలోమి ఏడ్చేసింది. నాకూ ఏడుపొచ్చింది, దాచుకోవాలనిపించలేదు.

మర్నాడు పొద్దున రైలుకు బయల్దేరితే ఊరి చివర ట్యాంకర్ చుట్టూ ఆడవాళ్లు అడ్డం. సగం బిందెలు నిండకముందే డ్రైవరు పైపు చుట్టేస్తున్నాడు. వాళ్లు అడుగుతుంటే "నోరు ముయ్యండి, టైమైంది" అని కసిరాడు.

మరియమ్మవ్వ ఖాళీ బిందె చంకన పెట్టుకుని ముందుకొచ్చింది. "మూయను."

"ఆమేన్" అన్నారు వెనకాల ఆడవాళ్లంతా ఒక్కసారే.

డ్రైవరు పైపు మళ్లీ విప్పాడు. నేను ఆటో ఆపించి, చివరి బిందె నిండేదాకా చూశాను. రైలు తప్పిపోయింది. స్టేషన్లో తర్వాతి బండి కోసం కూర్చుని, ఎవరూ వినడం లేదు కదా అని ఆ పాట ఒకసారి గట్టిగానే పాడుకున్నాను.