చార్మినార్ కింద ఎండు నెత్తళ్ళు

ఆ రోజుల్లో (మరీ రాజుల కాలం కాదు లెండి, చేతిలో కొత్త సెల్‌ఫోనూ, తలలో డిగ్రీ రెండో సంవత్సరం పొగరూ ఉన్న రోజులు) హైదరాబాదు చూడనిదాన్ని మనిషి కిందే లెక్కెయ్యకూడదని నా గట్టి నమ్మకం. చార్మినార్ ఎక్కి ఫోటో పంపిస్తానని కాలేజీ అంతా చాటింపు వేసీసేను. మాది సముద్రం ఒడ్డున చేపల ఊరు. అక్క కాపురం హైదరాబాదులో. దానికి నాలుగో నెల, అన్నం సయించడం లేదు, అమ్మ ఎండబెట్టిన నెత్తళ్ళు (వేలెడంత చేపలు లెండి) తప్ప ఏవీ వద్దని ఫోన్లో ఒకటే ఏడుపు. దాంతో అమ్మ ఓ సంచీ నిండా ఎండు నెత్తళ్ళు కుక్కి, నన్ను వెంటేసుకుని కోటబొమ్మాళిలో రైలెక్కింది. "ఒసే, ఇది నా కూతురి నోటికాడి కూడు. సంచీ తగ్గిందో, నీ ఈపు సీరీస్తాను" అని ముందే చెప్పింది. (నేనూ కూతురినే అన్న సంగతి ఆవిడకి అప్పుడు గుర్తు లేదు.)

తెల్లారి దిగేం. అక్కా బావా ఉద్యోగాల నుంచి సాయంత్రానికి గానీ రారు. "అందాకా ఊరు సూసీద్దుం పద" అంది అమ్మ. బట్టల పెట్టె స్టేషన్లో సామాన్ల గదివాళ్ళు పెట్టుకున్నారు గానీ, సంచీ వంతు వచ్చేసరికి అక్కడి మనిషి ముక్కు మూసుకుని చెయ్యి ఊపీసేడు. ముందు మ్యూజియంకెళ్ళేం, గేటు దగ్గరా అదే వరస. ఒకళ్ళు లోపలికెళ్తే ఒకళ్ళు సంచీకి కాపలా ఉండాలి. "నువ్వు సిన్నదానివి, సూడ్డానికి నీకు బోలెడు బతుకున్నాది" అని తేల్చీసి అమ్మ లోపలికెళ్ళిపోయింది.

మెట్ల పక్కన కూర్చున్నాను. కాస్సేపటికి బుంగమీసాల గార్డొకాయన గాలి పీలుస్తూ నా మీదికే వచ్చేడు. అయిపోయింది, గెంటేస్తాడనుకున్నాను. ఆయన వంగి, గుసగుసగా, "సుఖువా?" అన్నాడు. ఎండుచేపలా అని అడుగుతున్నాడు, ఒరియా మాట మాకు కొత్త కాదు కదా, తలూపేను. ఆయనది బరంపురం దగ్గరట, పెళ్ళాం పిల్లలు అక్కడే ఉన్నారట, ఇంటికెళ్ళి ఏడాది దాటిందట. చెబుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. నాకు గుండె నీరైపోయింది. రెండు గుప్పిళ్ళు తీసిచ్చేను. పెద్దసారు చూస్తాడని భయపడి ఆయన వాటిని టోపీలో పోసి, ఆ టోపీ నెత్తిన పెట్టుకుని, బిగుసుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. వీధి పిల్లి ఒకటి ఆయన్ని వదల్లేదు.

చార్మినార్ దగ్గర, "మోకాళ్ళ నొప్పులు ముదరకముందే నేనెక్కి సూసొస్తాను, తరవాత నువ్వెక్కుదువు" అని అమ్మ పైకెళ్ళింది. ఆ పక్క సందులో బంగారం పని చేసే బెంగాలీ కుర్రాళ్ళు ఇద్దరు వాసన పట్టీసేరు. వాళ్ళ భాషలో దీనికింకో పేరు. "దీదీ, దీదీ" అన్నారు. దీదీ అంటే అక్కేనని నాకు తెలుసు. జన్మలో నన్ను అక్కా అన్నవాడు లేడు, ఉబ్బిపోయి గుప్పిడిచ్చేను. వాళ్ళు వెళ్ళి గదిలో ఉన్న మిగతా అయిదుగుర్నీ తీసుకొచ్చేరు, నాకో చాయ్ కూడా తెచ్చేరు. తరవాత ట్రాఫిక్‌లో ఆగిన ఆటోలోంచి కేరళ నర్సమ్మ దూకింది. ఆవిడ దోసిలే పట్టింది, ఏం చెయ్యను? హైదరాబాదులో ఇన్ని రాష్ట్రాలవాళ్ళు ఉంటారని పుస్తకాల్లో చదివేను గానీ, అందరూ వరసగా నా దగ్గరకే వస్తారనుకోలేదు.

చూస్తే సంచీ అడుగంటింది. రోడ్డు పని దగ్గరి గులకరాళ్ళు ఏరి అడుగున పోసి, మీద నెత్తళ్ళు పరిచీసేను. (డిగ్రీ తెలివి!) అమ్మ దిగొచ్చి, చేత్తో సంచీ అలా పైకెత్తి, నా మొహంలోకి చూసింది. "ముప్పై ఏళ్ళు సేపల తట్ట మోసేను. ఎత్తితే సేపో రాయో తెలీదనుకున్నావేటే?"

బస్సెక్కేక తిట్లు మొదలయ్యేయి. నా చార్మినార్ మాట ఇంక ఎవరెత్తుతారు? కడుపుతో ఉన్నదాని తిండి కాస్తా పంచిపెట్టీసేనని ఏడుపొచ్చీసింది. ఏడుస్తూనే జరిగిందంతా చెప్పేను. అమ్మ తిట్లు ఆపీసి నా వైపు తిరిగింది. "ఆ గార్డుకి పిల్లలెంతమందే?"

"ఇద్దరటమ్మా."

"మరి రెండు గుప్పిళ్ళేటే? ఇచ్చినప్పుడు సరిగ్గా ఇవ్వాల."

ఇంటికెళ్ళగానే అక్క మిగిలిన గుప్పెడూ పెనం మీద వేయించుకుని, నిలబడే తినీసింది. తినీసి, చిన్నపిల్లలా, "ఇంతేనా అమ్మా?" అంది. నిజం చెప్పీద్దామని నోరు తెరిచేను. అమ్మ నా కాలు తొక్కి, "రైల్లో ఎలకలు తినీసేయే. వారంలో ఇంకో సంచీ పంపిస్తాను" అంది.

అక్క నన్ను కింద నుంచి పైదాకా చూసింది. "రెండు కాళ్ళ ఎలకా?"

అంతే, ఆ పేరు ఖాయమైపోయింది. అక్క కొడుక్కి నేను ఎలక పిన్నినే. చార్మినార్ ఇప్పటికీ ఎక్కలేదు. సంచీ ఒళ్ళో పెట్టుకుని, చాయ్ తాగుతూ, ఊరందరికీ దీదీ అయిపోయిన ఆ పిచ్చిపిల్లని తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది. ఇప్పుడు నేను హైదరాబాదు బయల్దేరితే అమ్మ రెండు సంచీలు కడుతుంది. రెండోది ఎవరికని అక్క ఫోన్లో అడిగితే, "ఎలకలకి" అంటుంది.