మూడో గీత

నా చిన్నప్పుడు మా ఇంట్లో కోడినీ మేకనీ వండుకునేవాళ్లం కానీ పావురం జోలికి మాత్రం ఎవరూ వెళ్లేవాళ్లు కాదు. తెనాలి వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం మాది. మా అమ్మ దృష్టిలో పావురమంటే ప్రభువు బాప్తిస్మం పొందినప్పుడు ఆకాశం నుంచి దిగివచ్చిన పక్షి. అందుకే, కెనడాలో విన్నిపెగ్‌కి దక్షిణంగా మేముండే చిన్న ఊళ్లో, ఒక మే నెల సాయంత్రం మా మావయ్య వచ్చి, పావురాల్ని కాల్చడానికి చోటు వెతకాలి, పిల్లని నాతో పంపు అనేసరికి అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

"ఒరేయ్, అది పరిశుద్ధాత్మరా!"

"ఆ పావురం తెల్లది అక్కా. ఇవి బూడిదరంగువి, బఠాణీలు దొంగిలిస్తాయి. వీటికి ఇంకా బాప్తిస్మం కాలేదు."

అమ్మకి నవ్వు ఆగలేదు. నవ్వాక కాదనడం ఆమెకి చేతకాదని మావయ్యకి తెలుసు.

మావయ్య అమ్మకి తమ్ముడు. అంతకు ముందు ఏడాది వచ్చి, మా ఊరి పక్కనే ఒక పెద్ద పొలంలో పనికి కుదిరాడు. అత్తయ్య ఇంకా తెనాలిలోనే ఉంది. ఆయన విమానమెక్కాక పుట్టిన పాపని ఆయన ఫోటోలో తప్ప చూడలేదు. స్థిరమైన ఉద్యోగముందని ఆ పొలం ఆసామి రాసిస్తే తప్ప వాళ్లిద్దర్నీ పిలిపించుకోవడం కుదరదు. ఆ వసంతంలో బఠాణీ చల్లిన పొలం మీద పావురాలు పడ్డాయి. మొలకలు పైకి రాకుండానే మాయమవుతున్నాయి. అంత పెద్ద పొలంలో ఎక్కడ దిగుతున్నాయో ఎవరికీ అంతుపట్టడం లేదు. అవి వాలే చోటు కనిపెడితే కోతలయ్యేదాకా ఉంచుకుంటాను, ఆ ఉత్తరమూ రాసిస్తాను, శనివారం వేటలో నా పక్కన నీకో తుపాకీ కూడా ఇస్తాను అని ఆసామి మావయ్య చెయ్యి పట్టుకుని చెప్పాడట. మావయ్య ఆ చేతిని మాకు రెండు మూడుసార్లు చూపించాడు.

అక్కడ నేల పళ్లెంలా చదునుగా ఉంటుంది. మైలుకో రోడ్డు తిన్నగా పోతుంది. గాలికి అడ్డంగా నాటిన చెట్ల వరసలు తప్ప చూపుకి అడ్డమేమీ ఉండదు. అంత చదునులో పక్షుల్ని వెతకడం సులువని నేను అనుకున్నాను. కానీ పావురం వెంట ట్రక్కులో వెళితే అది మనల్ని చూసి దారి మార్చుకుంటుంది. మావయ్య పద్ధతి వేరు. ఆయన ఒక రోడ్డు మలుపులో, నేను ఇంకో మలుపులో కదలకుండా నిలబడేవాళ్లం. గుంపు పైనుంచి పోతుంటే అది పోయే వైపు చెయ్యి చాపి, ఆ చేతికి తిన్నగా దూరాన ఏముందో గుర్తుపెట్టుకోవాలి. ఒక ఒంటరి చెట్టో, నీళ్ల ట్యాంకో, ధాన్యపు గోదాము కప్పో. తర్వాత తన ట్రక్కు ముందు భాగం మీద పేరుకున్న దుమ్ములో మావయ్య వేలితో రోడ్లు గీసేవాడు. వాటి మీద నా చెయ్యి చూపిన గీత ఒకటి, ఆయనది ఒకటి.

మొదటిరోజు మధ్యాహ్నం మా గీతలు రెండూ ఒకచోట కలిశాయి. నేను ఎగిరి గంతేశాను. మావయ్య మాత్రం నవ్వలేదు.

"రెండు గీతలు ఎక్కడో ఒకచోట కలవక ఏం చేస్తాయే పిచ్చిపిల్లా? మూడోది కూడా అక్కడికే వస్తే అప్పుడు నమ్ము."

వెళ్లి చూస్తే అక్కడ ఒక నీటిగుంట. నాలుగు ఈకలు, బురదలో కాళ్ల గుర్తులు, అంతే. అవి మధ్యాహ్నం నీళ్లు తాగడానికి మాత్రం అక్కడ ఆగుతున్నాయి. మర్నాడు పొద్దున్నే, ఆకలితో పోయే గుంపుల్ని చూసి మళ్లీ గీశాం. ఈసారి నేను ఇంకో మలుపుకి సైకిల్ మీద పోయి మూడో గీత కూడా తెచ్చాను. మూడూ చెట్ల వరసకి అవతల ఒక పల్లంలో కలిశాయి. రోడ్డు మీదనుంచి ఆ పల్లం ఎవరికీ కనపడదు. బోర్లా పడుకుని పాక్కుంటూ వెళ్లి తల ఎత్తి చూస్తే నేలే కదులుతున్నట్టుంది. మావయ్య నా తల నిమిరాడు. ఆయన పెదాలు కదులుతున్నాయి. పావురాల్ని లెక్కపెడుతున్నాడనుకున్నాను. కాదు, అత్తయ్య పేరూ పాప పేరూ అనుకుంటున్నాడు.

నేను ఏ కాలేజీలోనూ లెక్కలు చదవలేదు. ఇవాళ ధాన్యం కొనేచోట లారీల బరువులూ గింజల తేమా చూసి రేటు కడుతున్నానంటే, దానికి పునాది ఆ ట్రక్కు మీది దుమ్ములోనే పడింది.

శనివారం గడ్డిమోపుల చాటున మాటు కట్టారు. నిజంవాటిని రప్పించడానికి ముందు ప్లాస్టిక్ పావురాల్ని గాలికి ఎదురుగా నిలబెట్టారు. మావయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. అప్పుడే పట్నం నుంచి ఆసామి అల్లుడు కారు దిగాడు. మాటులో ఇద్దరికే చోటుంది. ఆసామి మావయ్య భుజం తట్టి, నువ్వు ఆ చెట్ల దగ్గరికి పోయి చప్పట్లు కొట్టు, అవి లేచి ఇటు వస్తాయి అన్నాడు. మావయ్య వెళ్లాడు. పొద్దున్నంతా తుపాకులు మోగుతూనే ఉన్నాయి, మోతకీ మోతకీ మధ్య దూరంగా ఆ చప్పట్లు. నేను రోడ్డు పక్కన సైకిల్ పట్టుకుని నిలబడి విన్నాను. అవి ఇప్పటికీ నాకు వినపడుతుంటాయి.

చచ్చిన పక్షుల్ని ఏరుకోమని మావయ్యకే చెప్పారు. వాళ్లకి అవి అక్కర్లేదు. ఆయన కొన్ని మా పెరట్లోకి తెచ్చి శుభ్రం చేస్తూ కూర్చున్నాడు. పావురానికి మెడ కింద మేత దాచుకునే సంచి ఉంటుంది. మొదటిదాంట్లోంచి బఠాణీలు రాలాయి. రెండోదాంట్లో తెల్లగా, విరిగిన పాలలాంటిది ఉంది. అదేంటని అడిగాను. పిల్లలకి పట్టేది, ఎక్కడో గూట్లో ఎదురుచూస్తుంటాయి అని చెప్పి ఆయన కత్తి పక్కన పెట్టేశాడు. ఆ రాత్రి మా ఇంట్లో పప్పే వండారు.

తర్వాతి వారం ఆసామి మావయ్యని పిలిచి, పావురాలు పోయాయి, విత్తడమూ అయిపోయింది, ఇక నీకు పనేముంది అన్నాడు. ఉత్తరం సంగతి అడిగితే, చూద్దామన్నాను కానీ ఇస్తానన్నానా అన్నాడు. ఎంత బాగా వెతికిపెట్టాడో అంత త్వరగా ఆయన అవసరం తీరిపోయింది. ఆ చోటు ఇంకో నెల దొరక్కుండా ఉంటే ఇంకో నెల పని ఉండేది.

సామాన్లు తెచ్చుకోవడానికి నేనూ ఆయనతో వెళ్లాను. వచ్చేటప్పుడు ట్రక్కులో అడిగాను. చిన్నపిల్లని, నాకు దాచుకోవడం తెలియదు.

"ఆయన మాట ఒక గీత, చెయ్యి కలపడం ఒక గీత. మరి మూడోది ఏది మావయ్యా?"

"అంతకు ముందు ఎవరికైనా అలా రాసిచ్చాడా అని వాకబు చెయ్యాల్సింది. మనిషి విషయంలో అలా అడగడానికి సిగ్గేసిందమ్మా."

అత్తయ్య రావడానికి చాలా ఏళ్లు పట్టింది. విమానాశ్రయంలో పాప ఆయన్ని చూసి, తల్లి వెనక దాక్కుని, "అమ్మా, ఈ అంకుల్ ఎవరు?" అంది. ఆ మాటకి అందరూ నవ్వారు. మావయ్య కూడా నవ్వాడు. ఆ నవ్వుని నేను ఎప్పటికీ క్షమించలేను. ఆయన్ని కాదు, దాన్ని.

ఇప్పుడు ఆదివారం ఆరాధనయ్యాక, కాఫీల దగ్గర, ఇండియా నుంచి కొత్తగా వచ్చిన పిల్లలు నా చుట్టూ చేరతారు. జీతమెంత, అద్దె ఎంత పోతుంది, ఎంత మిగులుతుంది అని లెక్కలు కట్టించుకుంటారు. మొన్న ఒకమ్మాయి వచ్చింది. వృద్ధాశ్రమంలో పనిచేస్తోంది. మొగుడు గుంటూరులో ఉన్నాడు. ఈమె ఇక్కడ శాశ్వత నివాసానికి దరఖాస్తు పెట్టాలని చూస్తోంది.

"మా ఓనర్ చాలా మంచాయన ఆంటీ. పీఆర్‌కి లెటర్ ఇస్తానని ప్రామిస్ చేశారు. షేక్‌హ్యాండ్ కూడా ఇచ్చారు."

"ఇంతకు ముందు ఎవరికైనా ఇచ్చాడా?"

"అయ్యో, అలా ఎలా అడుగుతాం ఆంటీ? బాగోదు కదా!"

ఆమె చెయ్యి చూశాను. మావయ్య మాకు చూపించిన చెయ్యి కూడా అలాగే ఉండేది, అంతే గర్వంగా. ఆయన పద్ధతి నాకు అన్నం పెట్టింది. అదే పద్ధతి నాకు ఎవరి మాట మీదా నిద్ర పట్టకుండా కూడా చేసింది. నా పెళ్లికి ముందు నేను వేసిన ప్రశ్నల్ని మా ఆయన ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంటాడు. పోనీ. కప్పు కిందపెట్టి, ఆ ఓనర్ నంబరు ఇమ్మన్నాను. ఆమె సిగ్గుపడుతూ ఫోన్ తీసింది. అడగడానికి నాకు సిగ్గులేదు. మా ఇంటి వాటా సిగ్గంతా ఆ చెట్ల దగ్గర, చప్పట్లు కొడుతూ, మావయ్య ఒక్కడే పడ్డాడు.