పొడిచేత్తో పితికిన పాలు

తొంభైల్లో, అవనిగడ్డ పక్కన మా అత్తగారి ఊళ్ళో, గొడ్లసావిడి మా మావగారి రాజ్యం. ముసలి గేదె ఒకటి, తొలిచూలు ఈనిన పడ్డ ఒకటి ఉండేవి. రెండింటినీ ఆయనే పితికేవారు. తపేలాలో పాలనురగలో వేళ్ళు ముంచి, చన్నులకి రాసి, ఆ తడితోనే లాగేవారు. ఊరంతా అలాగే పితికేది. ఆ పద్ధతంటే నాకు మొదటి నుంచీ ఒళ్ళుమంట.

ముసలి గేదెకి పొదుగువాపు వచ్చింది. ఒక చన్ను రాయిలా గట్టిపడి, పాలలో విరుగులూ నెత్తుటి చారలూ పడ్డాయి. దిష్టి అని మా అత్తగారు పసుపూ సున్నం పట్టించారు. నేను ఆటో ఎక్కి అవనిగడ్డ పశువుల ఆసుపత్రికి వెళ్ళాను. ఇది పితికే చేతుల వల్ల ఒకదాన్నుంచి ఇంకోదానికి అంటుకుంటుందన్నారు డాక్టరుగారు. సబ్బుతో చేతులు కడుక్కోమన్నారు, పొదుగు కడిగి పొడిబట్టతో తుడవమన్నారు, తడిచేత్తో లాగొద్దన్నారు, జబ్బుదాన్ని చివర పితకమన్నారు.

ఇంటికొచ్చి చెబితే మావగారు మండిపడ్డారు.

"నోరులేని గొడ్డు, పొదుగు సలిపి మూలుగుతుంటే చివరిదాకా నిలబెట్టమంటావా? నీకసలు జాలుందా అమ్మాయ్?"

జాలి! ఆయన జాలే నా భయం. జాలిపడి రోజూ ముందు ముసలిదాన్ని పితికి, అవే వేళ్ళతో పడ్డ దగ్గర కూర్చునేవారు. దానికీ చన్ను పోతే బేరగాడు కబేళాకి తోలుకుపోతాడు. పాలు తగ్గిన గొడ్డుని మా ఇంట్లో ఎప్పుడూ ఉంచుకోలేదు. ఆ పడ్డని దూడప్పటి నుంచీ పిల్లిపెసర మేత కోసుకొచ్చి పెంచింది నేను.

మర్నాడు పొద్దున పడ్డ పొదుగు మీద చెయ్యి వేస్తే ఒక పక్క వేడిగా తగిలింది. అప్పటికే మావగారు ముసలిదాన్ని పితికి, తపేలాతో ఇటు తిరిగారు. నేను అడ్డం నిలబడ్డాను.

"చేతులు కడుక్కోండి మావయ్యగారూ."

"నా చేతులకి జబ్బుందంటావా? నువ్వా నాకు చెప్పేది?"

"నేనేనండీ. కడుక్కోకపోతే దీన్ని ముట్టుకోనివ్వను."

ఆయన తోసుకుని రాబోయారు. తపేలా లాగేసుకున్నాను. పాలు ఆయన పంచె మీద ఒలికాయి. అత్తగారు గుండెలు బాదుకున్నారు. నేను తపేలా తోమి, చేతులు కడుక్కుని, పొదుగు కడిగి తుడిచి, పొడిచేత్తో పితకడానికి కూర్చున్నాను. పడ్డ తన్నింది. పాలు చేపలేదు, చుక్క దిగలేదు. దూడని వదిలి, బుజ్జగించి, మళ్ళీ కూర్చున్నాను. ఆ పూటే డాక్టరుగారిని పిలిపించి మందు ఎక్కించాను.

పడ్డ చన్ను దక్కింది. మావగారు మళ్ళీ సావిడిలో అడుగు పెట్టలేదు, నాతో చాన్నాళ్ళు మాట్లాడనూ లేదు. బాధపడ్డానా అంటే పడ్డాను. తపేలా మాత్రం తిరిగివ్వలేదు. మావగారి చేతిలో తపేలా లాక్కున్న కోడలని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. లాక్కున్నాను. బతిమాలుతూ కూర్చుని ఉంటే బేరగాడు మా గుమ్మంలోకి వచ్చేవాడు.