ఇనుము చేతిలో ఉండే ఉద్యోగం

ఆ రోజుల్లో ఒక కుర్రవాడికి పని చూడాలంటే పెద్దవాళ్ళు రెండే ప్రశ్నలు వేసుకునేవారు. చదువెంత, ఎవరి బిడ్డ? నా విషయంలో మూడో ప్రశ్న ఒకటి వచ్చి చేరింది. "పడితే దేని మీద పడతాడు?" నవ్వకండి. పదిహేనో ఏట నాకు మూర్ఛలు మొదలయ్యాయి. మా గుడియాత్తంలో దాన్ని వలిప్పు అనేవారు. ఉన్నట్టుండి కళ్ళ ముందు వెలుతురు పలచబడేది, నోట్లో ఏదో చేదు తగిలేది, అంతే. ఆ తర్వాత ఏం జరిగిందో నాకు తెలిసేది కాదు, చూసినవాళ్ళు చెప్పాలి. చెప్పడంలో మాత్రం వాళ్ళు ఏ లోపమూ చేసేవారు కాదు. నేను కాళ్ళు ఎట్లా కొట్టుకున్నానో మా వీధిలో కొందరు పడుకుని చేసి చూపించేవారు కూడా.

మాది నేతవాళ్ళ ఇల్లు. మా నాయనది గుంత మగ్గం, అంటే నేలలో గుంత తవ్వి కాళ్ళు అందులో పెట్టుకుని నేసేది. నేనూ దాని మీదే కూర్చున్నాను. మూడో వారం వలిప్పు వచ్చి పడుగు మీద బోర్లా పడ్డాను. నాకు ఒక్క గాయమూ కాలేదు, పోగులు మాత్రం వందల కొద్దీ తెగాయి. నాయన నన్నేమీ అనలేదు. నాలుగు రోజులు తల వంచుకుని ఆ పోగులు అతుకుతూనే ఉన్నాడు. (అనేసి ఉంటే బాగుండేది. ఆ నాలుగు రోజులూ నేను అన్నం సరిగా తినలేదు.) తర్వాత అద్దకం పనికి పంపారు. అక్కడ నీలిమందు తొట్టి పక్కనే పడ్డాను, కుడిచేయి తొట్టిలో పడింది. ఒళ్ళు బాగానే ఉంది కానీ చేయి మోచేతి దాకా నీలం. ఆపైన మా మామ, ఇళ్ళు కట్టే మేస్త్రీ, నన్ను తీసుకెళ్ళాడు. సారం, అంటే కర్రల పరంజా, ఎక్కనివ్వకుండా కింద ఇసుక జల్లించే పని ఇచ్చాడు. ఇది క్షేమమే అనుకున్నాం. కానీ మామకు నా మీద ప్రేమ ఎక్కువ. నిమిషానికోసారి పైనుంచి కిందికి వంగి "ఉండావా అబ్బోడా?" అని కేకేసేవాడు. మూడో రోజు అట్లా వంగి వంగి ఆయనే సారం మీదినుంచి జారి, నేను జల్లించిన ఇసుక కుప్ప మీద పడ్డాడు. కాలు బెణికింది. ఆ దెబ్బతో మేస్త్రీ పని కూడా అయిపోయింది.

ఇక మా ఊరి ఆచారం ఒకటి చెప్పాలి. వలిప్పు వచ్చినవాడి చేతిలో ఇనుము పెడితే అది వదిలిపోతుందని అందరికీ గట్టి నమ్మకం. నేను పడటం ఆలస్యం, వీధి వీధంతా ఇనుము కోసం పరిగెత్తేది. తెలివి వచ్చేసరికి నా పిడికిట్లో ఒక్కోసారి ఒక్కో వస్తువు ఉండేది. గరిట, కొడవలి, తలుపు గొళ్ళెం. ఒకసారి దారిన పోయే బండాయన ఒకడు జాలిపడి, చేతికి వేరే ఇనుము దొరక్క, తన బండి చక్రానికి ఉన్న సీల ఊడబీకి నా చేతిలో పెట్టాడు. నాకు వలిప్పు తగ్గింది. ఆయన మర్యాదగా బండెక్కి ఎద్దులను అదిలించాడు, చక్రం మాత్రం ఆయనతో వెళ్ళలేదు. మొట్టమొదటిసారి నేను పడింది సంతలో. అప్పుడు ఎవరో నా చేతిలో ఒక చిన్న పెట్టె బీగంచెవి (తాళంచెవి) పెట్టి వెళ్ళారు. ఎవరిదని ఊరంతా తిరిగి అడిగాం. నాదని ఒక్కరూ రాలేదు. మా అవ్వ దాన్ని నా మొలతాడుకు కట్టేసింది.

చివరికి నాయన నన్ను వేలూరు ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. అక్కడి డాక్టరమ్మ నా కుడిచేయి చూసి ఉలిక్కిపడింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది, గోళ్ళు నొక్కి చూసింది, ఇంకో డాక్టరును కూడా పిలిచింది. అది రోగం కాదమ్మా, రంగు అని నాయన అరవంలో చెప్పేసరికి ఆమె చాలాసేపు నవ్వింది. ఉప్పగా ఉండే మందు ఒక సీసా ఇచ్చింది. "నిప్పు, నీళ్ళు, ఎత్తు, ఈ మూడూ లేని పని చూసుకో. బుద్ధికి లోపం లేదు, ఒంటికి బలం ఉంది. పని లేకుండా మాత్రం కూర్చోకు" అని చెప్పింది. ఆ చివరి మాట నాకు ఆ సీసా కంటే ఎక్కువ పనిచేసింది. ఎందుకంటే అప్పటికే మా బంధువులు, "పాపం, వాణ్ణి కూర్చోబెట్టి ఇంత ముద్ద పెట్టండి చాలు" అనడం మొదలుపెట్టారు. పద్దెనిమిదేళ్ళ వాడికి అంతకంటే పెద్ద తిట్టు లేదు.

డాక్టరమ్మ చెప్పిన మూడింటికీ మా అవ్వ నాలుగోది కలిపింది. "వచ్చినాక ఇనుము పెడితే పోతాది గదా! ముందే చేతిలో ఉంటే రానే రాదు గదా! ఎప్పుడూ ఇనుము చేతిలో ఉండే పని చూడు నాయనా." ఇంట్లో అందరూ కూర్చుని ఆలోచించారు. కమ్మరం అన్నాడు మామ. కొలిమి ఉంది, నిప్పు, కుదరదు. మంగలి కత్తి ఇనుమే కదా అని నేనన్నాను. "నీకు వలిప్పు వస్తే గెడ్డం గీయించుకునేవాడికి ఏమి వస్తాదిరా?" అని నాయన అడిగాడు. అప్పుడు అవ్వ చూపు నా మొలతాడు మీద పడింది. "బీగాలు!" అంది. కాలదు, కోయదు, ఎప్పుడూ చేతిలో ఉంటుంది. వేలూరు బజారులో నాయనకు తెలిసిన నూలు మండీ ఒకటి ఉంది. దాని మొదలాళికి (యజమానిని మా వైపు అట్లాగే అంటాం) మూడు గోదాములు, పదిహేడు బీగాలు, బొత్తిగా మతిమరుపు. బీగాలు చూసుకునే మనిషి కావాలన్నాడు. నన్ను రైలెక్కిస్తూ అవ్వ చెవిలో చెప్పింది. "ఇనుము వదలద్దు. రోగం సంగతి చెప్పద్దు."

వేలూరుకు ఒక సామెత ఉంది. పాలారు ఏట్లో నీళ్ళుండవు, కోటలో రాజుండడు, గుళ్ళో దేవుడుండడు అని. ఇన్ని లేని ఊళ్ళో నా ఉద్యోగం మాత్రం ఉంటుందా అని భయపడుతూనే చేరాను. ఆ భయంతో బీగాలగుత్తిని ఒక్క క్షణం వదల్లేదు. అన్నం తినేటప్పుడు ఎడమచేతిలో గుత్తి, స్నానం చేసేటప్పుడు పళ్ళ మధ్య గుత్తి. మండీలో మూటలు మోసే తాత ఒకాయన నాకు 'సావికొత్తు' అని పేరు పెట్టాడు, అరవంలో బీగాలగుత్తి అని. మొదలాళి మహా కోపిష్టి, తన నీడ అడ్డొచ్చినా తిట్టేవాడు. కానీ నన్ను చూపించి వచ్చిన వ్యాపారులందరికీ చెప్పేవాడు. "చూడండప్పా, నమ్మకస్తుడంటే వీడు! ప్రాణం పోయినా బీగాలు ఇడవడు." నేను తల వంచుకునేవాణ్ణి. అది వినయం అనుకుని ఆయన ఇంకా మెచ్చుకునేవాడు. ఎనిమిది నెలలు వలిప్పు రాలేదు. అది సీసా మహిమో గుత్తి మహిమో తెలియక, రెంటినీ నమ్ముకున్నాను.

ఒకరోజు పొద్దున, మండీ నిండా జనం ఉండగా, వెలుతురు పలచబడింది. నోట్లో చేదు. గుత్తి గట్టిగా పట్టుకున్నాను. అంతవరకే గుర్తు.

తర్వాతిది మూటల తాత చెప్పింది. నేను పడగానే, "ఇనుము, ఇనుము!" అని అందరూ అరిచారట. ఒకడు తక్కెడ కొక్కెం తెచ్చాడు. తీరా నా పిడికిలి విప్పబోతే అందులో పదిహేడు చెవులు. మొలతాడుకు ఇంకొకటి. జనం తెల్లబోయారు. "చేతిలో ఇంత ఇనుము ఉండాది. ఇనుము ఉండంగా వలిప్పు యాడ వస్తాది?" అన్నాడు తాత. వలిప్పు కాకపోతే మరేమిటి? "సామి! సామి వచ్చినాడు!" అని ఎవరో అన్నారు. అంతే. నేను కళ్ళు తెరిచేసరికి ఎదురుగా కర్పూరం వెలుగుతోంది. జనమంతా చేతులు జోడించి ఉన్నారు. నా నుదుటి మీద ఇంత బొప్పి (గుత్తితో నన్ను నేనే కొట్టుకున్నానట), దాని మీద కుంకుమ. తాత మోకాళ్ళ మీద కూర్చుని అడుగుతున్నాడు. "సామీ, పాలారులో నీళ్ళు ఎప్పుడు వస్తాయి సామీ?"

నిజం చెప్పాలంటే నాకు ఆశ పుట్టింది. సామి ఉద్యోగంలో నీళ్ళు లేవు, ఎత్తు లేదు, నిప్పంటే ఆ కాస్త కర్పూరమే. ఎన్నిసార్లు పడితే అంత మర్యాద. పడటమే పనిగా ఉన్న ఉద్యోగం లోకంలో ఇంకెక్కడ దొరుకుతుంది? పాలారు గురించి ఏదో ఒకటి చెబుదామని నోరు తెరిచాను కూడా. అప్పుడు జనం వెనక మొదలాళి కనిపించాడు. ఎవరికీ తల వంచని మనిషి కండువా నడుముకు చుట్టుకుని, చేతులు జోడించి, బిత్తర చూపులు చూస్తున్నాడు. ఎనిమిది నెలలుగా నన్ను నమ్మకస్తుడని ఊరంతా చాటిన మనిషి. నాకు ఏడుపొచ్చింది.

"సామి కాదయ్యా. వలిప్పు," అన్నాను.

"చేతిలో ఇనుము ఉండాదే!"

"ఉన్నా వస్తాదయ్యా."

కర్పూరం ఎవరో ఆర్పేశారు. జనం చల్లగా జారుకున్నారు. (సామిని చూడటానికి వచ్చినవాళ్ళెవరూ రోగిని చూడటానికి ఉండరు.) మొదలాళి నా ముందు చతికిలబడ్డాడు.

"చేరేటప్పుడు ఎందుకు చెప్పలా?"

"చెప్పుంటే పని ఇచ్చుందురా అయ్యా?"

ఆయన అబద్ధం చెప్పలేదు. "ఇచ్చుండను" అన్నాడు. నేను గుత్తి ఆయన ముందు పెట్టేసి లేవబోయాను. అప్పుడు ఆయనకు అలవాటైన కోపం వచ్చేసింది. "యాడికి పోతాండావు? కూసో! ఎనిమిది నెలలుగా నేను బీగాలు ఎతకలా. నువ్వు పోతే మళ్ళీ ఎవురు ఎతుకుతారు, నీ తాతా? నెలలో పది దినాలు పడినా మిగతా ఇరవై దినాలు నువ్వు నాకంటే మేలురా!" తాతను పిలిచి గోడకు మేకు కొట్టించి గుత్తిని దానికి తగిలించాడు. "ఇనుము నీ నెత్తి పగలగొట్టినాది గానీ నిన్ను కాపాడలా. అది ఆడ ఉండనీ. ఎవురికి కావాలన్నా నిన్ను అడిగి తీసుకోని, నీకు చూపించి పెట్టాల. నువ్వు నిచ్చెన ఎక్కద్దు." తర్వాత నూలు మూటలు మూడు పక్కలా పేర్పించి, మధ్యలో నా చాప వేయించాడు. ఎటు పడినా మెత్తగా నూలే. ఒక నూలు చిలప, అంటే నూలు చుట్ట, తెచ్చి నా చేతిలో పెట్టాడు. "ఏదో ఒకటి పట్టుకోకుంటే నీ చెయ్యి నిలవదు. ఇది పట్టుకో. నేతగాని బిడ్డవి గదా."

ఆ చిలప చేతిలో పెట్టుకుని నేను వెక్కి వెక్కి ఏడ్చాను. మా నాయన నాలుగు రోజులు తల వంచుకుని పోగులు అతికినప్పటి నుంచి నూలు ముట్టుకోవడానికి నాకు భయం. ఆ భయం ఆ పూటే పోయింది.

పండక్కి ఇంటికి వెళ్ళి అవ్వకు అంతా చెప్పాను. ఇనుము పట్టుకున్నా వచ్చింది కదా, ఇప్పుడేమంటావని నిలదీశాను. అవ్వ ఏమాత్రం తడబడలేదు. "పద్దెనిమిది చెవులు ఉండబట్టి అంత చిన్నదిగా వచ్చిపోయినాది. లేకుంటే ఏమయ్యుండునో!" అంది. ఆమెతో వాదించి గెలిచినవాడు మా వంశంలో లేడు. మొలతాడు మీది చెవి విప్పేస్తానంటే మాత్రం నా చేయి పట్టుకుంది. "అది మందు అని కాదు నాయనా. ఎవురో ఇచ్చినది."

నూలు మూటల మధ్య ఆ చాప మీద నా తల నెరిసింది. మూర్ఛలు తగ్గాయి, పూర్తిగా పోలేదు. మొలతాడు ఎన్నోసార్లు మార్చాను, చెవి అట్లాగే ఉంది. ఇనుములో ఏ మహిమా లేదని నాకు బాగా తెలుసు. అయినా స్నానం చేసేటప్పుడు అది చేతికి తగిలితే ఆలోచిస్తూ నవ్వుకుంటాను. ఆ రోజు సంతలో, ముక్కూ మొహం తెలియని ఒక పిల్లవాడు పడి కొట్టుకుంటుంటే, తన పెట్టె చెవి తీసి వాడి చేతిలో పెట్టి వెళ్ళిపోయిన ఆ మహానుభావుడు, ఇంటికి వెళ్ళి పెట్టె ఎట్లా తెరుచుకున్నాడో పాపం. మండీలో పదిహేడు బీగాలూ చూసుకున్నవాణ్ణి, ఆయన బీగం ఒక్కటే తెరిచి ఇవ్వలేకపోయాను.