హల్లును నిమిరిన గురువు – మా ఆశీర్వాదం మాస్టారు

మా ఊరి గోల్‌బజార్‌లో చేపలు కొంటున్నాను. మా చర్చి గాయకబృందంలోని జానన్న సైకిలు దిగకుండానే, "సిన్నీ, మాస్టారు ఎల్లిపోనారు" అన్నాడు. ఎక్కడికని అడిగాను. ఆ క్షణాన నా బుద్ధి అంతగా మొద్దుబారింది.

ఆశీర్వాదం మాస్టారి నిర్యాణం ఖరగ్‌పూర్ తెలుగువారికి తీరని శోకం. స్టేషనులో రైళ్ల రాకపోకలను మైకులో ప్రకటించడం ఆయన వృత్తి. ట్రాఫిక్ కాలనీలోని మా చర్చిలో పాట నేర్పడం ఆయన తపస్సు. మాట్లాడేటప్పుడు మాలాగే 'చ'ను 'స' అనేవారు. పాటలో మాత్రం ఒక్క అక్షరం చెదిరినా సహించేవారు కారు.

నాకు 'రక్షణ' అనే పదం లొంగేది కాదు. 'రచ్చన' అనేదాన్ని. దిద్దుకోబోయి 'క్ష' దగ్గర గొంతు బిగించేసరికి స్వరం కీచుమనేది. ఒక సాయంత్రం ఆయన నా పెదవుల ముందు పలచని కాగితం ముక్క పట్టుకున్నారు.

"గొంతుకెందుకమ్మా దెబ్బలు? అదేటి సేసింది? పని నాలిక్కి సెప్పు. అలా తాకి ఒగ్గీ. ఎనకాల 'అ' ఉంది సూడు, దాని మీద నిలబడు."

ఊపిరి విసురుకు కాగితం ఎగిరిపడినప్పుడల్లా మళ్లీ పాడించారు. నెల తరువాత ఆ పదం స్పష్టంగా పలికింది, స్వరమాధుర్యం చెక్కుచెదరలేదు. ఆయన మెచ్చుకోలేదు, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

నిరుడు పక్షవాతం ఆయన నాలుకనే కబళించింది. అచ్చులు తప్ప హల్లులు పలకలేని ఆ మహనీయుడు, మేము ఇంటికి వెళ్లి పాడుతుంటే గోడవైపు తిరిగి పడుకునేవారు. ఆ వేదన చూడలేక కొందరు వెళ్లడం మానేశారు. వారిలో నేనూ ఉన్నాను. ఆ అపరాధం నన్ను దహిస్తూనే ఉంది.

సమాధి దగ్గర తలలు వంచుకుని, ఏడుస్తూ, పదాలు మింగుతూ పాడాం. ముగిశాక ఆయన భార్య మరియమ్మగారు నా చేయి పట్టుకున్నారు. ఆమెకు చెవుడని అందరికీ తెలుసు. ఆదివారాలు ఆమె ముందు బల్ల మీద కూర్చోవడం ప్రార్థన కోసమేననుకున్నాం.

"మీ నోళ్లు సూసే పాట ఇనీదాన్నమ్మా. ఆయన నేర్పితే పెతి మాటా కనపడేది. ఇయ్యాల ఏ పాట పాడినారు? నాకేటీ తెలీనేదు. మల్లీ ఓపాలి పాడతారా?"

గురుదేవా, మీవంటి ఉపాధ్యాయుడు మాకిక లభించడు. మీ పాదాలకు ప్రణమిల్లి ఒప్పుకుంటున్నాను: ఆమె ఎదుట ముఖమెత్తి మళ్లీ పాడటం మాలో ఎవరి తరమూ కాలేదు.