పిచర్ చెట్టుకు ఏసీ నీళ్లు

నేను ఈగలను తినే చెట్టును పెంచుతున్నానని తెలిసి పాల్వంచలో మా కాలనీ వాళ్లు బాగానే నవ్వుకున్నారు. "మా ఇంట్ల పెట్టు, కడుపు నిండ తింటది" అన్నాడు మా షిఫ్టు ఆయన ఒకడు. నాకూ నవ్వొచ్చింది. అంతకుముందు ఏడాదే నా భార్య పోయింది. డ్యూటీ దిగి క్వార్టర్‌కు వస్తే టీవీ తప్ప పలికేది ఏదీ లేదు. ఫోన్‌లో ఈ పిచర్ చెట్టు వీడియో చూసి కేరళ నుంచి తెప్పించుకున్నాను. ఆకు కొసన సన్నటి తీగ, తీగ చివర మూత ఉన్న చిన్న చెంబు. అందులో పడ్డ చీమ మళ్లీ పైకి రాదు.

దానికి తిండితో ఇబ్బంది లేదు, నీళ్లతోనే. మా బోరు నీళ్లు ఉప్పు. కొన్నాళ్లకే ఆకుల అంచులు మాడిపోయాయి. వానాకాలం సరే, మిగతా రోజులు ఎట్లా? దారి చూపింది పక్క క్వార్టర్ అన్న. ఆయనా ఒక్కడే ఉండేవాడు. వదిన కల్లూరు దగ్గర ఊళ్లో పొలం చూసుకునేది. ఏసీ నుంచి కారే నీళ్లలో ఉప్పుండదని చెప్పి తన ఏసీ పైపు కింద డబ్బా పెట్టి, నిండగానే గోడ మీదుగా పిలిచేవాడు.

"తమ్మీ, నీళ్లు నిండినయ్."

"వస్తున్న అన్నా."

డబ్బా అందిస్తూ, "ఏం కూర వండినవ్?" అని అడిగేవాడు. రోజూ పచ్చడేనని చెప్పడానికి సిగ్గేసి మళ్లీ కూర వండడం మొదలుపెట్టాను.

ఎండలు ముదిరే వేళకు అన్న రిటైరై క్వార్టర్ ఖాళీ చేసి ఊరికి వెళ్లిపోయాడు. పోతూ ఆ డబ్బా నాకిచ్చాడు. నేను బ్యాటరీ షాపుకు వెళ్లి డిస్టిల్డ్ వాటర్ అడిగాను.

"ఏ బండికి సార్?" అన్నాడు షాపతను.

చెట్టుకని చెప్తే ఇంకేం అడగకుండా సీసా చేతిలో పెట్టాడు. పిచ్చోడినని అనుకున్నాడేమో, అనుకోనీ.

చెట్టు బతికింది. ఉన్న చెంబులు మాత్రం ఎండిపోయాయి, కొత్తవి రాలేదు. నాకూ కూర వండబుద్ధి కాలేదు. సాయంత్రాలు గోడ దగ్గర కుర్చీ వేసుకుని ఉత్తినే కూర్చునేవాణ్ణి. అవతల తలుపుకు వేసిన తాళం చూస్తే ఏడుపొచ్చేది. నీళ్లు ఎక్కడైనా దొరుకుతాయి. నన్ను పిలిచే మనిషే లేకుండా పోయాడు.

మాకింకా మబ్బు కూడా పట్టని రోజు పొద్దున అన్న ఫోన్ చేశాడు. వెనక రేకుల మీద వాన చప్పుడు.

"తమ్మీ, ఈడ మస్తు వాన. చూరు కింద బిందె పెట్టిన. నీళ్లు నిండినయ్."

కల్లూరు రెండు బస్సుల దూరం. అయినా నోటికి అలవాటైన మాటే వచ్చింది.

"వస్తున్న అన్నా."

అన్న పక్కకు తిరిగి వదినతో ఏదో అనడం వినబడింది.

"అవ్, రా," అన్నాడు. "మీ వదిన అడుగుతుంది, ఏం కూర వండాల్నట?"

ఏదైనా సరేనని చెప్పి, డబ్బా కడుక్కుని బస్టాండుకు బయల్దేరాను.