పాత వెర్షన్ మాన్యువల్

బ్రాడ్‌బ్యాండ్ మా జగ్గయ్యపేటకు కొత్తగా వచ్చిన రోజులవి. లారీలను తూచే కాటాల కోసం నేనొక ప్రోగ్రాము రాసి ఇచ్చేవాణ్ణి. దాన్ని ఎలా వాడాలో చెప్పే మాన్యువల్‌ను మా ఇంట్లో ఓ మూలనున్న పాత కంప్యూటర్లో పెట్టి, అదే నా సర్వరని ఊరంతా చెప్పుకుని తిరిగేవాణ్ణి. కరెంటు పోయి వస్తే దాని అడ్రసు నంబరు మారిపోయేది. ఇక అందరికీ ఫోన్లు చేసి కొత్త నంబరు చెప్పడమే నా పని. అయినా ఎంత గర్వమో! అద్దెది కాదు, నా సొంతం.

ఒకరోజు పొద్దున్నే నందిగామలోని ఒక పత్తి మిల్లు నుంచి ఫోను. కాటా దగ్గర కొత్తగా చేరిన అమ్మాయి.

"సార్, మీరు రాసినట్టే ఎఫ్ ఎనిమిది కీ నొక్కానండి. నాలుగు లారీల తూకాలు పోయాయండి. నాకు పని రాదని ఓనరుగారు రేపట్నించి మానెయ్యమంటున్నారండి."

"అది సేవ్ అమ్మా. నువ్వే ఇంకేదో నొక్కి ఉంటావ్," అన్నాను, తెలివంతా నా సొత్తయినట్టు.

"లేదండీ. మీ పేజీ ఎదురుగా పెట్టుకునే నొక్కా."

ఫోను పెట్టేశాక, వాళ్ళకు ఏ వెర్షన్ ఇచ్చానో నా పుస్తకంలో చూసుకున్నాను. వాళ్ళ మిల్లులో ఉన్నది రెండో వెర్షన్. ఎఫ్ ఎనిమిదికి సేవ్ పెట్టింది మూడోదాంట్లో. రెండోదాంట్లో అదే కీ తూకాన్ని తుడిచేస్తుంది! మాన్యువల్ మార్చినప్పుడల్లా పాతది ఎవరికి కావాలిలే అని దాని మీదే సేవ్ చేసేసేవాణ్ణి. పాతదాంతోనే పని నడుపుకుంటున్నవాళ్ళు ఉన్నారని నా బుర్రకు తట్టనేలేదు.

ముక్త్యాల దగ్గర ఒక క్వారీకి ఇచ్చిన సీడీలో ఆ పాత మాన్యువల్ ఉండాలని గుర్తొచ్చి ఆటోలో పరిగెత్తాను. ఉంది! ఎగిరి గంతేసినంత పని చేశాను. ఇంటికొచ్చి ఒక్కో వెర్షన్‌కు ఒక్కో ఫోల్డరు చేశాను. ప్రతి పేజీ నెత్తిన అది ఏ వెర్షనుదో ఎర్ర అక్షరాలతో రాశాను. అన్నం సంగతే మర్చిపోయాను. నా జన్మలో అంత ఊపుగా ఏ పనీ చేయలేదు.

మధ్యాహ్నం నందిగామ బస్సెక్కాను. మిల్లు ఆఫీసులో, ఓనరుగారి ముందే, అడ్రసు కొట్టమని ఆ అమ్మాయికి చెప్పాను. మా ఇంట్లో కరెంటు పోకూడదని దేవుళ్ళందరికీ మొక్కుకుంటున్నాను. పేజీ తెరుచుకుంది! మా ఇంటి మూలలోది నందిగామలో కనబడుతోంది! ఆమె రెండు వెర్షన్లూ పక్కపక్కనే తెరిచి, ఎఫ్ ఎనిమిది ఉన్నచోట వేలు పెట్టింది.

"ఇది మనదండి. నేను చూసి చేసింది ఈ పక్కదండి, మనది కాదు."

ఆయన కళ్ళజోడు సర్దుకుని రెండూ నిదానంగా చదివారు. తర్వాత నా వైపు తిరిగారు.

"అయితే తప్పు ఈ అమ్మాయిది కాదు. మీది."

"నాదేనండి!" అన్నాను. అంత సంతోషంగా తప్పు ఒప్పుకున్నవాణ్ణి ఎప్పుడూ చూడనట్టు ఆయన నన్ను ఎగాదిగా చూశారు. బయట లారీ హారన్ కొట్టింది. ఆమె ఎవరినీ అడక్కుండానే లేచి కాటా గదికి వెళ్ళిపోయింది.